ఓడొచ్చినా దిగని ధర

అమెరికాలో కోడిగుడ్లు కొనలేకపోతున్నామని నా కూతురి కొడుకు టెక్సాస్ నుంచి ఫోన్ చేసి గోలపెట్టాడు. 2025 మార్చి నాటి మాట. డజను ఆరు డాలర్లు దాటిందట, అంటే మన లెక్కలో 500 పైచిలుకు. బర్డ్ ఫ్లూ వచ్చి కోట్ల కొద్దీ కోళ్ళని చంపేశారట, కొన్ని దుకాణాల్లో మనిషికి ఇన్నే అని బోర్డులు కూడా పెట్టారట. నాకు నవ్వాగలేదు. ఒరే గుంటడా, కొట్టుకెళ్తే గుడ్డు లేకపోవడమంటే ఏటో జంగ్లీఘాట్‌లో పుట్టి పెరిగిన మీ అమ్మనడుగు. ఓడ ఆలస్యమైందంటే పోర్ట్‌బ్లెయిర్ మొత్తానికి గుడ్డు లేదు, ఉల్లిపాయ లేదు, బంగాళాదుంప లేదు. డాలర్లు కాదుకదా, బంగారం మూటగట్టుకెళ్ళినా లేదు. "అది వేరు తాతా, ఇది ఇన్‌ఫ్లేషన్" అన్నాడు వాడు. ఏటి వేరు? అక్కడా గుడ్డు లేదు, ఇక్కడా గుడ్డు లేదు. కాకపోతే మాకు ఎందుకు లేదో తెలిసేది.

చదువుతున్న కుర్రకారూ, నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ముక్క గురించే. ఓపిక లేకపోతే ఇక్కడే ఆగి మీ రీళ్ళు చూసుకోండి, నేనేమీ అనుకోను. అనుకుంటాను, కానీ పైకి అనను.

మా నాయన శ్రీకాకుళం తీరం నుంచి వలలు చుట్టబెట్టుకుని వచ్చినవాడు. వేట తెలిసిన కుటుంబాలని ఆ రోజుల్లో సర్కారే తీసుకొచ్చి ఈ ద్వీపాల్లో దింపింది. ఇప్పుడు జంగ్లీఘాట్‌లో అడుగుపెడితే సగం శ్రీకాకుళం వినిపిస్తుంది, 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో నూటికి 13 మంది తెలుగువాళ్ళమని తేలింది. నాకు మాత్రం సముద్రం పడలేదు. మత్స్యకారుడి కడుపున పుట్టి పడవెక్కితే వాంతి చేసుకునేవాణ్ణి. నాయన విసిగిపోయి నా చేతికి తెడ్డు బదులు త్రాసు ఇచ్చాడు. అలా కిరాణా కొట్టువాణ్ణయ్యాను. అందుకని ధరల గురించి మాట్లాడే హక్కు నాకుంది. టీవీలో టై కట్టుకుని అరిచేవాడికి లేదు, వాడు ఒక్కనాడూ కందిపప్పు తూచలేదు.

మా రోజుల్లో ధర ఎందుకు పెరిగిందో కొట్టుకొచ్చిన ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. ఓడ రాలేదు, పెరిగింది. ఓడొచ్చింది, తగ్గింది. మద్రాసైనా, కలకత్తా అయినా, విశాఖ అయినా ఇక్కడికి అటూ ఇటూగా 1200 కిలోమీటర్లు. బయల్దేరిన మూడోనాటికి హడ్డో రేవులో పొగగొట్టం కనిపించేది. 1963లో ఇక్కడ రేడియో స్టేషను పెట్టాక ఓడ కబురు గాలిలో వచ్చేది. డైలీ టెలిగ్రామ్స్ పేపర్లో ఓడల పట్టిక అచ్చయ్యేది. మిగతా దేశమంతా పేపరు తెరిచి ముందు సినిమా బొమ్మలు చూసేది, మేము ఓడల పట్టిక చూసేవాళ్ళం. పట్టికలో ఉన్న తేదీకి ఓడ వచ్చిందా అంటే, అది వేరే సంగతి. తుపాను పట్టినప్పుడు ఓడతో పాటు ఉల్లిపాయలూ ఆగిపోయి కుళ్ళేవి. ఆ కుళ్ళినవే ఏరి, మంచి పొరలు తీసి, మా ఆవిడ పులుసు పెట్టేది. ఆ పులుసు రుచి ఇప్పుడు నాసిక్ ఉల్లిపాయకి రాదంటే రాదు. ఇక్కడ నా దగ్గరున్న ఇంకో మనవడు దీన్ని నోస్టాల్జియా అంటాడు. మా ఆవిడైతే, ఆ పులుసు ఆయన తాగలేదు, పిల్లలకి పోసి తను చేప తిన్నాడు అంటుంది. ఆవిడకి జ్ఞాపకశక్తి తగ్గింది.

ఓడలంటే ఓడలు కావవి. హజ్ యాత్రికులని తిప్పి తిప్పి అలిసిపోయి మా దగ్గరికొచ్చిన అక్బర్ ఒకటి, ఇంకా హర్షవర్ధన, తర్వాత నాన్కౌరీ, నికోబార్. స్వరాజ్ ద్వీప్ అయితే మన విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డులోనే కట్టింది, దానిమీద మా తెలుగువాళ్ళకి ఇల్లరికపు అల్లుడి మీదున్నంత మమకారం. బంక్ క్లాసులో ఒకడి మీద ఒకడు పడుకుని, ఒకడి కక్కు ఒకడు కడిగి, మూడు రోజుల్లో కులం గోత్రం అప్పుసప్పులు అన్నీ చెప్పేసుకుని దిగేసరికి సగం సంబంధాలు కుదిరిపోయేవి. ఇప్పుడు విమానంలో రెండు గంటలు. పక్కవాడి పేరు తెలీదు, టిక్కెట్టు ధర కూడా తెలీదు. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి, సంక్రాంతి ముందు ఇంకొకటి. నేను గనక పొద్దున్న ఒక ధరకి, సాయంత్రం ఒక ధరకి బియ్యం అమ్మి ఉంటే జంగ్లీఘాట్ ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకొచ్చేవాళ్ళు. విమానాలవాళ్ళు చేస్తే దానికి డైనమిక్ ప్రైసింగ్ అని పేరు.

సరే, పన్ను సంగతికి వద్దాం. మెయిన్‌లాండ్ వాళ్ళకి చెప్తే నమ్మరు. 2017 జూలై 1 దాకా మాకు అమ్మకపు పన్నన్నదే లేదు. దేశమంతా వ్యాట్ వచ్చినప్పుడు కూడా మేమూ లక్షద్వీప్ వాళ్ళూ తప్పించుకున్నాం. నా కొట్టు లెక్క అంటే ఒక బౌండు పుస్తకం, చెవిలో ఒక పెన్సిలు. కొన్నది ఇంత, ఓడ కిరాయి ఇంత, ఎలకలు తిన్నది ఇంత, నాకింత. ఆ తర్వాత ఒక అర్ధరాత్రి ఢిల్లీలో పార్లమెంటు దీపాలు వెలిగించి గంట కొట్టారు, తెల్లారేసరికి నాకు హెచ్.ఎస్.ఎన్. కోడ్ అనే జబ్బు పట్టింది. బెల్లానికొక అంకె, సబ్బుకొక అంకె. ఆ ఏడే కొట్టు ఇక్కడున్న మనవడికి అప్పజెప్పేశాను. వయసైపోయిందని లోకానికి చెప్పాను.

పన్ను వేసినప్పుడు ధర అదే ఓడలో దిగింది. తగ్గించినప్పుడు చూడాలి తమాషా. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె మీద పన్ను 18 నుంచి 5కి దింపారు, అట్టపెట్టెలో వచ్చే యూ.హెచ్.టి. పాలకి పూర్తిగా తీసేశారు. టీవీలో బాణసంచా. పొద్దున్న ఎనిమిదికల్లా కొట్టు ముందు జనం. ఏరా, సబ్బు తగ్గిందటగా? మా వాడు, "ఆంటీ, ఇది పాత ఓడ సరుకు, కొత్త రేటు సరుకు ఇంకా సముద్రంలో ఉంది" అంటాడు. ఆవిడ ఫోన్లో మంత్రిగారి మాట వినిపిస్తుంది. వీడు ప్యాకెట్టు మీద అచ్చేసిన ధర చూపిస్తాడు. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను, నా జీవితంలో అంత హాయిగా ఏ ఉదయమూ గడవలేదు. చివరికి వాడు తన జేబులోంచి తగ్గించి ఇచ్చాడు. నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు.

ఎందుకు ఇచ్చేవాణ్ణి కాదో కూడా చెప్తాను, ఈ వయసులో దాచేదేముంది. మా రోజుల్లో బడ్జెట్టు ఫిబ్రవరి ఆఖరి రోజు సాయంత్రం ఐదింటికి చదివేవాళ్ళు. పొద్దున్నే చదవడం 1999లో మొదలైంది, ఫిబ్రవరి 1కి మారడం 2017లో. సాయంత్రం ఐదు అంటే కొట్టువాడికి వరం. రేడియో చెవికి ఆనించుకుని వినేవాణ్ణి, సిగరెట్టు మీద సుంకం పెరిగిందన్న మాట పూర్తయ్యేలోగా కొట్లో సిగరెట్లు అయిపోయేవి. అమ్ముడుపోయి కాదు, మంచం కిందకి వెళ్ళి. మర్నాడు కొత్త ధరకి బయటికొచ్చేవి. బడ్జెట్టు పేపరు ఓడలో మాకు చేరేసరికి వారం పైనే పట్టేది, అప్పటికి అందరూ కొత్త ధరకి అలవాటు పడిపోయేవాళ్ళు, గొడవే లేదు. ఇప్పుడు బడ్జెట్టు చదువుతుండగానే ప్రతివాడి జేబులోనూ అంకెలు మోగుతాయి. నిజాయితీగా ఉండడం తప్ప వ్యాపారికి దారి లేకుండా పోయింది. దీన్ని అభివృద్ధి అంటున్నారు.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున 2300 కిలోమీటర్ల తీగ వేసి ఇంటర్నెట్ తెచ్చారు, అప్పట్నుంచే వచ్చింది ఈ రోగం. అంతకుముందు ఒక బొమ్మ తెరుచుకునేలోపు టీ కాచుకుని తాగేవాళ్ళం. ఇప్పుడు మా కొట్లో డబ్బా ఒకటి మాట్లాడుతుంది. ఎవడో పది రూపాయలు కొడితే, పది రూపాయలు వచ్చాయి అని వీధికి వినపడేలా అరుస్తుంది. మా రోజుల్లో ఎవడెంత ఇచ్చాడో నాకూ వాడికీ తెలుసు, ఎవడెంత బాకీయో నాకూ మా ఆవిడకీ తెలుసు. అరువు పుస్తకంలో పేర్లు కూడా ఉండేవి కావు. చాథం మేస్త్రి, ఫీనిక్స్ బే మాస్టారు, బత్తుబస్తీ కొత్తకోడలు. జీతాల రోజున వచ్చి లెక్క తీర్చి, మళ్ళీ అదే నిలబడిన కాళ్ళ మీద కొత్త అరువు రాయించేవాళ్ళు. వడ్డీ లేదు. వడ్డీ బదులు తూకంలో కొంచెం, చాలా కొంచెం, వేలు ఆనేది. ఇప్పుడు ఆ కొత్తకోడలి మనవరాలు ఫోను కొంటే నెలనెలా బ్యాంకుకి కిస్తీ కడుతుంది. ఒక్క రోజు ఆలస్యమైతే ఎక్కడో గురుగ్రామ్‌లో ఉన్నవాడెవడో ఫోన్ చేసి హిందీలో తిడతాడు. నేనైతే తెలుగులో, అదీ ఇంటికెళ్ళి, కాఫీ తాగి తిట్టేవాణ్ణి.

కిస్తీలంటే గుర్తొచ్చింది. 2025లో రిజర్వు బ్యాంకు వడ్డీ నాలుగుసార్లు కోసి 6.5 నుంచి 5.25కి తెచ్చింది. కోసిన ప్రతిసారీ మా వాడు బైకు లోను తగ్గుతుందని మిఠాయి తెచ్చాడు. ప్రతిసారీ నేను తిరగరాయించాల్సిన ఫిక్సెడ్ డిపాజిట్ మీద వడ్డీ తగ్గింది. కొట్టు అప్పజెప్పిన డబ్బు బ్యాంకులో వేసుకుని కాలుమీద కాలేసుకుందామనుకున్న ముసలాడి మీద ఒక ముక్క రాయరు. ఒకే ఇంట్లో, ఒకే గోడకి అటు వాడు నవ్వుతున్నాడు, ఇటు నేను లెక్క చూసుకుంటున్నాను. ఆ మిఠాయి మాత్రం తిన్నాను, షుగరున్నా. కోసింది నా వడ్డీయే కదా.

ఇక అమెరికా. 2025 ఆగస్టులో వాళ్ళ ప్రెసిడెంటు ట్రంపుగారు మన సరుకు మీద ముందు 25 వేశారు, నెల తిరక్కుండానే 50 శాతం సుంకం చేశారు. మన రొయ్యకి అందరికంటే పెద్ద గిరాకీ అమెరికాయే, దేశంలో అందరికంటే ఎక్కువ రొయ్యలు పెంచేది ఆంధ్రా. మా తోడల్లుడి మనవడికి భీమవరం పక్కన వనామీ చెరువులున్నాయి. సుంకం మాట పడగానే కొనేవాళ్ళు కౌంట్ ధర దించేశారు. మేత ధర దించలేదు, కరెంటు దించలేదు. సుంకం కట్టాల్సింది అక్కడ సరుకు దింపుకునే వర్తకుడు, వాడు కొంత ఇక్కడ రైతు మీద రుద్దుతాడు, కొంత అక్కడ తినేవాడి మీద రుద్దుతాడు. టెక్సాస్ వాడు హోటల్లో రొయ్యల ధర పెరిగిందని ఏడుస్తాడు, భీమవరం వాడు చెరువు గట్టు మీద ధర తగ్గిందని ఏడుస్తాడు. ఒకటే రొయ్య. నా ఇద్దరు మనవళ్ళూ, వరసకి, ఇద్దరూ నాకే ఫోన్ చేస్తారు. తర్వాత కోర్టులన్నారు, ఒప్పందాలన్నారు, తగ్గిస్తామన్నారు. ఓడ ఎక్కడుందో రేడియోని అడిగితే చెప్పేది, ఈ సుంకం ఇప్పుడెక్కడుందో ఎవర్నడగాలి?

రూపాయి సంగతి చూడండి. 1966 జూన్‌లో 4 రూపాయల 76 పైసలున్న డాలరుని ఏడున్నర చేస్తే దేశమంతా గుండెలు బాదుకుంది. 2025 డిసెంబరులో 90 దాటితే మా కూతురు, "నాన్నా, మంచిదే, టెక్సాస్ నుంచి వాడు పంపే డబ్బు ఎక్కువొస్తుంది" అంది. మరి మన వంటనూనెలో సగానికి పైన బయట దేశాల నుంచి వచ్చేదే, అదీ డాలర్లలో కొనేదే. వాడు పంపే డబ్బు పెరిగి నూనెలో పోతుంది. ఇది తనకి చెప్పాను. "నూనె తగ్గించమని డాక్టరు చెప్పాడు కదా" అంది.

ఆ టెక్సాస్ వాడే అంతకుముందు నవంబరులో ఇంకో కబురు చెప్పాడు. అమెరికాలో ఒక సెంటు నాణెం కొట్టడం ఆపేశారట. కొట్టడానికి మూడున్నర సెంట్ల పైన అవుతుందట, 1793 నుంచి కొట్టి కొట్టి ఇప్పుడు లెక్క చూసుకున్నారు. ఇందులో మేమే ముందు. అణాలు పోయి 1957లో నయాపైసలు రావడం నా చిన్ననాటి గొడవ. పావలా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. పావలా పోయిన రోజు నేను కొట్లో ఒక్కణ్ణే బాధపడ్డాను, ఎందుకంటే చిల్లర లేదని చేతిలో చాక్లెట్టు పెట్టడానికి ఇక అవకాశం తగ్గింది. ఆ మాట్లాడే డబ్బా వచ్చాక చాక్లెట్లు కూడా పోయాయి. పైసాతో సహా లెక్క. ఇంత కచ్చితంగా బతకడం మనిషికి మంచిది కాదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, ఒప్పుకోకపోతే మా వాడు గుర్తు చేస్తూనే ఉంటాడు. పెట్రోలు. ఇక్కడ స్థానిక పన్ను నామమాత్రం కాబట్టి 2025లో లీటరు 82 రూపాయల చిల్లరే ఉండేది, దేశం మొత్తమ్మీద చవక. విశాఖలో 100 దాటి చాలాకాలమైంది. దాని ఫలితం ఏటో అబర్డీన్ బజారుకెళ్ళి చూడండి. గడియార స్తంభం దగ్గర రోడ్డు దాటాలంటే వీలునామా రాసి బయల్దేరాలి. చవకైతే ఇదీ గతి. మా రోజుల్లో నడిచేవాళ్ళం, మోకాళ్ళు అప్పుడే అరిగిపోయాయనుకోండి.

ఇంటి ముందు సముద్రం పెట్టుకుని వంజరం కొనలేకపోవడం ఇంకో వింత. 2023 జూలైలో 700 కోట్ల పైన పోసి కొత్త విమానాశ్రయం భవనం తెరిచారు. శంఖం ఆకారమట. టూరిస్టు దిగుతాడు, హోటలువాడు తెల్లారకుండానే జెట్టీలో పెద్ద చేపలన్నీ ఎత్తుకెళ్తాడు, మాకు కానాగంతలు మిగుల్తాయి. వేటకెళ్ళే మా తమ్ముడి కొడుకు మాత్రం, "పెద్దనాన్నా, మీ రోజుల్లో ఆ వంజరం ఎంతకిచ్చేవాళ్ళు మా నాయన?" అనడుగుతాడు. ఇంటివాళ్ళం కదా, ఊరికే తెచ్చేవాడు. నేను కొన్నట్టు గుర్తులేదు. వాడికి చెప్పలేదు.

ఢిల్లీలో ఒక సంతకం పడితే ఇక్కడ పొయ్యి ఆరడం కొత్తేమీ కాదు. 2002లో సుప్రీంకోర్టు అడవి నరకడం ఆపమంది. నా అరువు పుస్తకంలో ప్లైవుడ్ వాళ్ళ పేజీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చెట్లు మిగిలాయి, అదీ నిజమే, బాకీలూ మిగిలాయి.

ఇప్పుడు గ్రేట్ నికోబార్‌లో 72 వేల కోట్లతో పెద్ద రేవు, విమానాశ్రయం, ఊరు, కరెంటు ప్లాంటు కడతామంటున్నారు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి కూడా ఇచ్చేశారు, 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుందట. గలాథియా బే ఇసకలో తాబేళ్ళు గుడ్లు పెట్టేచోట కంటెయినర్లు దింపుతారు. ఆ అడవిలో ఉండే షోంపెన్ తెగవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా వాళ్ళ భాషలో వివరంగా చెప్పారా అని నాకు అనుమానం. కొట్టు చూసే మా మనవడు మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. ఉద్యోగాలొస్తాయి తాతా, సింగపూరు అవుతుంది, ప్రపంచంలో ఓడలన్నీ అక్కడ ఆగుతాయి అంటాడు. ప్రపంచం ఓడలన్నీ ఆగుతాయి సరే. మన ఓడ ఎప్పుడొస్తుంది? నేను అడిగేది అంతే. వాడు నవ్వి, "మీ రోజుల్లో మేస్త్రీకి రోజు కూలి ఎంత, కిలో బియ్యం ఎంత చెప్పు, ఇప్పటిదీ పక్కన పెట్టి లెక్కేద్దాం" అని ఫోను తీశాడు. నాకు ఆ లెక్క నోటికొచ్చు. అందుకే మాట మార్చాను. ఒరే, ముందు సంక్రాంతికి విశాఖ ఓడ టిక్కెట్టు ఉందో లేదో చూడు, తర్వాత సింగపూరు సంగతి అన్నాను.

ఇంకా చూస్తున్నాడు. ఏదో తిరుగుతోందట.